తాడు పట్టిన చేయి

మంగంపేట,
6 అక్టోబరు 2024

శివజ్యోతక్కకు,

పదకొండు సార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. చివరికి తనూజ ఎత్తి, "మామా, అమ్మ నీతో ఫోన్లో మాట్లాడదంట. చెప్పాలనుకుంటే జాబు రాయమనింది" అని పెట్టేసింది. నీ కూతురు కూడా నీలాగే తయారైంది. పోస్టాఫీసుకు పోయి కవర్లు అడిగితే, అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి ఇచ్చాడు. ఇంటర్ పరీక్షల తర్వాత నేను ఇంత రాయడం ఇదే.

బావ పోయి యాభై రెండు రోజులైంది. పెద్దదినం కాగానే నీకు చెప్పకుండా వచ్చేశాను. తప్పే. కానీ నెమళ్ళకోనలో ఉండలేకపోయాను అక్కా. పొద్దున లేస్తే అదే బండ, అదే లోయ. సూర్యుడు పుట్టేది చూడాలని బెంగళూరు నుంచి రాత్రంతా కార్లు నడుపుకుంటూ వచ్చిన జనం. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే నేను టెంట్ల వెనక్కి పోయేవాణ్ణి. బావ పోయిన వారానికే మళ్ళీ టెంట్లు నిండిపోయాయి.

ఇక్కడ ముగ్గురాయి గనిలో పనికి కుదిరాను. సోమక్క అని ఒకామె మెస్సు నడుపుతుంది. ఆమె మెస్సు పేరు మీద రాస్తే జాబు నాకు చేరుతుంది.

పోలీసులకు చెప్పిందే నీకూ చెబుతున్నాను. ఆ పొద్దున గెస్టులను తాడు మీద దింపేకంటే ముందు, ఆ తాడు, దిగే దారి సరిగా ఉన్నాయో లేదో చూసి రావడానికి బావ లోయలోకి దిగాడు. తాడు నా చేతిలో ఉంది. రాత్రి పడిన చినుకులకు బండ తడిసి ఉంది. చేయి జారింది. అంతే అక్కా. నీ తాళి నా చేతిలో పెట్టావు, నేను నిలపలేకపోయాను. నన్ను తిట్టు. తిడుతూ అయినా ఒక జాబు రాయి.

నీ తమ్ముడు
వీర

*

నెమళ్ళకోన,
14 అక్టోబరు 2024

వీరభద్రకు,

జాబు చేరింది. ఫోను ఎందుకు ఎత్తలేదో చెబుతాను. నీ గొంతు వింటే నా కోపం నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు ముక్కు చీదుకుంటూ వచ్చి నిలబడితే చాలు, నీ తప్పు నా నెత్తిన వేసుకొని నాయన చేతి దెబ్బలు నేను తినేదాన్ని. ఈసారి కరగదలుచుకోలేదు. కాగితం మీద ఏడుపు వినపడదు. కాబట్టి రాయి, ఎంతైనా రాయి.

వ్యూ పాయింటు దగ్గర నా రొట్టెల అంగడి మళ్ళీ తెరిచాను. మొగుడు పోయాడని పొయ్యి ఊరుకుంటుందా. సీతాఫలాల కాలం కదా, గంపలు గంపలు దిగుతున్నాయి. గెస్టులు జొన్నరొట్టె, చెనిగ్గింజల చట్నీ ప్లేటులో పెట్టుకొని లోయ అంచున కూర్చొని తింటారు. మొన్న ఒక అమ్మాయి, "ఆంటీ, రోజూ ఈ వ్యూ చూస్తూ బతకడం ఎంత అదృష్టమో" అంది. అవునమ్మా అన్నాను. ఆ వ్యూలోంచే నా మొగుణ్ణి దుప్పటిలో మూటగట్టి పైకి తెచ్చారని చెప్పి ఆ పిల్ల తినే రొట్టెను చేదు చేయడం దేనికి?

నువ్వు నా తాళి సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. మనది తేనె దింపే ఇల్లు. మొగుడు లోయలోకి దిగితే పైన తాడు పట్టేది పెండ్లాం తోడబుట్టినవాడే, ఇంకొకడు ముట్టకూడదు. ఎవడైనా ఒక గడియ ఏమరుస్తాడు గానీ అక్క తాళి చేతిలో ఉన్నవాడు ఏమరడని నాయన చెప్పేవాడు. తేనె పోయి టూరిస్టులు వచ్చారు, నారతాడు పోయి నైలాన్ తాడు వచ్చింది, ఆ పద్ధతి మాత్రం మనం వదల్లేదు. మీ బావ తాడు మీద ఉన్నంతసేపూ నువ్వు తప్ప ఎవరూ తాడు ముట్టలేదు. అందుకే ఆ పొద్దున నేను నిశ్చింతగా పిండి పిసుకుతూ ఉన్నాను.

చేయి ఎట్లా జారింది? పోలీసులకు చెప్పినట్టు కాదు, నాకు చెప్పు. నీ కాళ్ళు ఎక్కడ ఆనించావు, తాడు నడుముకు చుట్టుకున్నావా లేదా, మీ బావ ఎంత దూరం దిగాడు, ఏమన్నా కేక వేశాడా. నేను తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు నీ రెండు చేతులూ నా మొహానికి అదుముకొని ఏడ్చాను, గుర్తుందా? గుర్తు తెచ్చుకొని రాయి.

శివజ్యోతి

*

మంగంపేట,
27 అక్టోబరు 2024

అక్కా,

నువ్వు రాశావు, అదే చాలు. నాలుగుసార్లు చదువుకున్నాను.

ఈ గనిని నువ్వు చూడలేదు. పెద్ద గొయ్యి. మెట్లు మెట్లుగా కిందికి తవ్వుకుంటూ పోయారు. పైనుంచి చూస్తే అడుగున లారీలు అగ్గిపెట్టెలంత ఉంటాయి. ఎటు చూసినా బూడిదరంగే. చెట్టూ లేదు, పిట్టా లేదు. రాయి చూడడానికి చిన్నగా ఉంటుంది, ఎత్తబోతే చేయి కిందికి లాగేస్తుంది. మొదటి వారం బరువు తెలియక కాలి మీద వేసుకున్నాను. దీన్ని చూడడానికి ఎవరూ రారు, టిక్కెట్టు లేదు, ఫోటోలు లేవు. నాకు అదే బాగుంది.

పడుకుంటే మాత్రం మన కోనే గుర్తుకొస్తుంది. నాయన తేనె దింపడానికి పోయినప్పుడు నువ్వూ నేనూ అంచున బోర్లా పడుకొని తలలు బయటపెట్టి చూసేవాళ్ళం. గద్దలు మన కంటే కింద ఎగిరేవి. గద్ద వీపు ఎట్లా ఉంటుందో చూసిన పిల్లలం మనమే అని నువ్వు బడిలో గొప్పలు చెప్పుకునేదానివి. వాగులో నీళ్ళు ఉన్నప్పుడు కింద అంతా పచ్చగా, ఎండాకాలం వస్తే బండలు ఎర్రగా కాలిపోతూ, అయినా బాగుండేది. ఇప్పుడు అక్కడ టెంట్లు, రాత్రయితే మంట చుట్టూ పాటలు. ఎవరి ఆట వాళ్ళది. తప్పు పట్టడం లేదు.

నువ్వు అడిగినవి. కాళ్ళు ఎప్పుడూ ఆనించే గాడిలోనే ఆనించాను. తాడు నడుముకు చుట్టుకున్నాననే అనుకుంటున్నాను. బావ సగం దాకా దిగి ఉంటాడు. కేక వేసినట్టు లేదు. ఇంతకంటే గుర్తు తెచ్చుకుంటే తల తిరుగుతుంది అక్కా. నీకు దండం పెడతాను, మళ్ళీ అడగొద్దు.

నీ తమ్ముడు
వీర

*

నెమళ్ళకోన,
20 నవంబరు 2024

వీరా,

చుట్టుకున్నాననే అనుకుంటున్నావా? ఇరవై ఏళ్ళు తాడు పట్టినవాడివి. అన్నం తిన్నావా అంటే తిన్నాననే అనుకుంటున్నా అనే మనిషి ఎక్కడైనా ఉంటాడా? సరే, అడగొద్దన్నావు. ఇప్పటికి అడగను.

ఇక్కడి సంగతులు విను. రిసార్టు మేనేజరు వాసుదేవ్ తాడు ఆట మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ సీజను నుంచి తాడు పట్టడానికి మనుషులు అక్కర్లేదట. వానల ముందు అంచున బండకు ఒక ఇనుప రింగు కొట్టించాడు చూడు, మనవాళ్ళు ఎవరూ దాని వంక చూడనైనా చూడలేదు, అట్లాంటివే ఇంకో ఆరు కొట్టించాడు. తాడు రింగుకు కట్టేసి మనిషిని దింపడమే. ఇట్లా చేస్తావేమప్పా, మా పద్ధతి నీకు తెలీదా అని పోయి అడిగాను. "మీ తమ్ముడే పోలీసులకు రాసిచ్చినాడు కదా, చేయి జారిందని. మనిషి చేయి జారుతాది ఆంటీ, ఇనుము జారదు" అన్నాడు. నీ మాటే తెచ్చి నా మొహాన కొట్టాడు.

ఆ మొదటి రింగు మాత్రం ఇప్పుడు కనపడడం లేదు. అది కొట్టిన చోట బండ పెచ్చు లేచి ఉంది. వానలకు ఊడిపోయి ఉంటుందిలే అంటాడు.

అవినాష్ రిసార్టులో చేరాడు. తనూజ మొగుడు కదా అని చెరువులో చిన్న పడవల దగ్గర వేశారు. గెస్టులకు లైఫ్‌జాకెట్లు తొడిగి, తెడ్డు పట్టడం నేర్పుతాడు. పిల్లోడు నవ్వుతూ ఉంటాడు, జనానికి నచ్చాడు. తాడు పనికి రమ్మని వాసుదేవ్ ఒకసారి అడిగాడట. తనూజ ఒప్పుకోలేదు. "నాకు తోడబుట్టినోడు లేడు, తాడు ఎవరు పడతారు" అంది. ఇప్పుడు ఎవరూ పట్టనక్కర్లేదు కదా అని వీడు వాదిస్తున్నాడు. తాడు పనికి జీతం ఎక్కువ. కొత్తగా పెండ్లయినవాడు, నాలుగు రాళ్ళు ఎక్కువ తేవాలని ఉంటుంది.

నువ్వు చదువుకున్నవాడివి, రాయి తెలిసినవాడివి. ఆ రింగులను నమ్మవచ్చా? ఇది మీ బావ సంగతి కాదు. దీనికైనా సరిగా జవాబు రాయి.

శివజ్యోతి

*

మంగంపేట,
1 డిసెంబరు 2024

అక్కా,

ఇనుము సంగతి నాకు తెలియదు. అవినాష్‌ను మాత్రం తాడు మీదికి పంపొద్దు. ఎవరు అడిగినా పంపొద్దు. పని ఎక్కువగా ఉంది, మళ్ళీ రాస్తాను.

వీర

*

నెమళ్ళకోన,
10 డిసెంబరు 2024

వీరా,

మూడు ముక్కలు రాయడానికి నీకు పది రోజులు పట్టింది. ఎందుకు పంపొద్దో రాయవా?

ఇక్కడ మంచు మొదలైంది. తెల్లవారే వేళ కోన మొత్తం తెల్లగా నిండిపోయి ఉంటుంది. గెస్టులు దుప్పట్లు కప్పుకొని అంచున నిలబడి అది చూస్తూ ఉంటారు. నాకు మాత్రం ఆ తెలుపు కింద ఏముందో కనపడుతూనే ఉంటుంది. నేనిప్పుడు అంచు దాకా పోను. అంగడి నాలుగు బారలు వెనక్కి జరుపుకున్నాను.

అవినాష్ పడవల దగ్గరే ఉన్నాడు, భయపడకు. అయితే కొత్త సంవత్సరానికి టెంట్లన్నీ ఇప్పటికే నిండిపోయాయి. పైన బయలంతా టెంట్లు వేస్తున్నారు. ఆ రోజు ఎవరి పని ఎవరు చేస్తారో చెప్పలేం.

నువ్వు నాకు చెప్పాల్సింది ఒకటి ఉంది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీ నోటితో వస్తే మనిద్దరికీ మంచిది. నేను ఎదురుచూస్తున్నాను. ఎంతకాలం చూస్తానో నాకే తెలియదు.

అక్క

*

మంగంపేట,
27 డిసెంబరు 2024

శివజ్యోతికి,

అక్కా అని రాయడానికి చేయి రావడం లేదు.

ఆ పొద్దున తాడు నా చేతిలో లేదు.

పంద్రాగస్టు సెలవు కదా, జనం ముందు రోజే దిగిపోయారు. బావ బెల్టు బిగించుకొని అంచు దిగాడు. నేను తాడు పట్టుకొనే ఉన్నాను. అప్పుడు సూర్యుడు రెండు కొండల మధ్య లేచాడు. మబ్బు పట్టిన నెలలో అట్లాంటి పొద్దు దొరకదు. గెస్టులు ఎనిమిది మంది పరుగెత్తుకొచ్చి, అన్నా ఒక వీడియో తీయవా, రెండు నిమిషాలే అని వెంటపడ్డారు. వీడియోలు నేను బాగా తీస్తానని నీకు తెలుసు. వాసుదేవ్ అంతకుముందు వారమే, గెస్టులను నొప్పించొద్దు, తాడు రింగుకు కట్టేస్తే నువ్వు రెండు పనులు చేసుకోవచ్చు అని చెప్పి ఉన్నాడు. నేను కిందికి వంగి, "బావా, ఆడ్నే నిలబడు, ఇప్పుడే వస్తా" అన్నాను. "బిర్నా రా వీరా" అన్నాడు. అదే ఆయన చివరి మాట. తాడు రింగుకు కట్టి పది అడుగులు పోయాను.

వీడియో తీస్తూ ఉండగానే బండ పగిలిన శబ్దం వచ్చింది. వెనక్కి తిరిగేసరికి తాడు అంచు దాటి పోతూ ఉంది. నేను ఉరికాను. అందలేదు. ఆ ఎనిమిది మందీ భయపడి, ఎవరూ ఏమీ అడగకముందే కార్లెక్కి పోయారు.

కిందికి దిగి చూస్తే రింగు తాడు కొసనే ఉంది, అరచేయంత రాతి పెచ్చుతో సహా. అక్కడ బండ పైకి గట్టిగా కనపడుతుంది గానీ లోపల పొరలు పొరలుగా ఉంది. జనం రాకముందే రింగు విప్పి వాగు మడుగులో వేశాను. చేయి జారిందంటే ప్రారబ్ధం అనుకుంటారు, అయ్యో పాపం అంటారు. బావను ఇనుముకు కట్టేసి ఫోటోలకు పోయాడంటే మన ఇండ్లలో నా మొహం ఎవరు చూస్తారు? నువ్వు చూస్తావా? ఆ భయంతో చెప్పిన మాట అది. నా మాట పట్టుకొని వాసుదేవ్ ఇంకో ఆరు రింగులు కొట్టిస్తాడని నేను కలగన్నానా?

నీ నవంబరు జాబు వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తనూజకు ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు తీసి, మూడుసార్లూ ఆపేశాను. ఆ పిల్ల మామా అని పిలిస్తే ఏమని చెప్పాలి, మీ నాయన్ను నేను చంపినా అనా? కాగితం మీద రాయగలిగాను, నోటితో చెప్పలేను.

ఈ జాబు వాసుదేవ్‌కు చూపించు. పోలీసులకు ఇవ్వు. ఆ రింగులన్నీ పీకించు. నన్ను ఏం చేసినా సరే.

వీరభద్ర

*

కడప, ఆసుపత్రి,
9 జనవరి 2025

వీరా,

నీ జాబు మూడో తేదీన ఇంటికి వచ్చిందట. పక్కింటివాళ్ళు ఇక్కడికి తెచ్చిచ్చారు. అవినాష్ పడింది ఒకటో తేదీన.

ఆ రోజు పైన ఇసుక వేస్తే రాలనంత జనం. తాడు పని చేసే ఇద్దరూ రాత్రి డీజే దగ్గర తాగి లేవలేదు. గెస్టులు లైను కట్టి కేకలు పెడుతున్నారు. వాసుదేవ్ పడవల దగ్గరికి పోయి, ఒక్కసారి దిగి దారి చూసి రాప్పా అని అవినాష్‌ను పిలుచుకొచ్చాడు. తనూజ నాకు రొట్టెలు అందిస్తూ ఉన్నదల్లా చూసి ఉరికింది. వద్దంది. వాడు నవ్వి, ఇనుమే గదా, నీకంటే గట్టిది అన్నాడు. అది ఒప్పుకోలేదు. "నాకు తోడబుట్టినోడు లేకపోతే నేను లేనా? నేనే పట్టుకుంటా" అని రింగు పక్కనే, నువ్వు ఆనించే గాడిలోనే కాళ్ళు ఆనించి తాడు చేతుల్లోకి తీసుకుంది. గెస్టులు దాన్ని ఫోటోలు తీశారు.

వాడు ముప్పై అడుగులు దిగాడో లేదో, రింగు పెచ్చుతో సహా లేచి వచ్చింది. తనూజ తాడు వదల్లేదు. నిండు మనిషి బరువు, ఆ పిల్ల ఎంత, దాని ఒళ్ళెంత! తాడు దాన్ని అంచు దాకా ఈడ్చుకొనిపోయింది. తాడు చేతుల్లోంచి కోసుకుంటూ పోతూనే ఉంది, అది బిగించి పట్టుకొనే ఉంది. నేను అక్కడికి చేరేసరికి ఇంకో ఇద్దరు దాని నడుము పట్టుకున్నారు. అప్పటికే తాడు అయిపోయింది.

అవినాష్ బతికాడు. నడుము విరిగింది. కాళ్ళు గిల్లినా తెలియడం లేదు. నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పైన తాడును ఎవరో పట్టి ఆపినందుకే ప్రాణంతో కిందికి చేరాడు, లేకపోతే అక్కడికక్కడే పోయేవాడు అన్నాడు. పట్టుకొని జారవిడిచినా మనిషి బతుకుతాడు వీరా. మీ బావకు ఆ జారిన చేయి కూడా లేకపోయింది.

తనూజ చేతులు చూశాను. రెండు అరచేతులూ తోలు లేచి ఎర్రగా మాంసం కనపడుతోంది. రెండు వేళ్ళ దగ్గర ఎముక దాకా తెగింది. తాడు జారిన చేయి అట్లా ఉంటుంది.

మీ బావ పోయిన రోజు నీ చేతులు నా మొహానికి అదుముకున్నాను కదా. నున్నగా ఉన్నాయి. ఒక గీత లేదు, ఒక బొబ్బ లేదు. ఆ గడియలోనే నాకు తెలిసిపోయింది. తాడు నీ చేతిలో లేదని తెలుసు. మొన్న ఆ రింగు కనపడలేదని రాసినప్పుడు ఎక్కడ ఉండి ఉంటుందో కూడా తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. వాసుదేవ్ నీ మాట నా మొహాన కొట్టినప్పుడు, అది అబద్ధమప్పా, నా తమ్ముడు అబద్ధం చెప్పినాడు అని ఒక్క మాట అని ఉంటే రింగులు ఆ రోజే పీకేవాళ్ళు. అనలేదు. నా తమ్ముడిని నేనే ఎట్లా పట్టిస్తాను అనుకున్నాను. నీ నోటితోనే వినాలని పంతం పట్టి జాబుల మీద జాబులు రాస్తూ కూర్చున్నాను. నీకు భయం, నాకు పంతం. మధ్యలో ఆ పిల్లోడి నడుము పోయింది.

నీ జాబు చదివి వినిపిస్తే తనూజ నన్ను అడిగింది, "అమ్మా, నీకు ఎప్పట్నుంచి తెలుసు" అని. చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

నీ జాబు పోలీసులకు ఇచ్చాను. నా మాట కూడా రాయించాను. మిగిలిన రింగులు పీకేశారు. వాటిలో రెండింటిని పీకడానికి గునపం కూడా అవసరం లేకపోయిందట, చేత్తోనే ఊడి వచ్చాయట. నిన్ను తీసుకుపోవడానికి పోలీసులు వస్తారు. రానీ. ఈ వారం కాదు, వచ్చే వారం అంటున్నారు.

అంతలోగా నువ్వు ఇక్కడికి రా. క్షమించానని కాదు. క్షమించే స్థితిలో నేను లేను, నన్నే ఎవరూ క్షమించలేదు. అవినాష్‌ను పొద్దున, సాయంత్రం పక్కకు తిప్పాలి, నా ఒక్కదానితో కావడం లేదు. తనూజ చేతులకు మోచేతుల దాకా కట్లు కట్టారు. అన్నం కలుపుకోలేదు, నీళ్ళ గ్లాసు పట్టుకోలేదు, నేను ముద్ద పెడితే నోరు తెరవదు. ఐదు రోజులుగా నర్సు పెడితే నాలుగు ముద్దలు తింటోంది. ఈ ఇంటికి ఇప్పుడు ఒక జత చేతులు కావాలి.

నీ చేతులకు ఏమీ కాలేదు కదా. బయలుదేరి రా.

అక్క